సరోజమ్మ టీచరు ఆది రవిక

1961వ సంవత్సరం. కన్నడ సీమలోని చింతామణి బజారులో మా నాయన బట్టల అంగడి ముందు వసారాలో నా కుట్టుమిషను ఉండేది. అంగట్లో గుడ్డ కొన్నవాళ్లు నాలుగడుగులు వేస్తే నా దగ్గరికి వచ్చేవారు. మగవాళ్ల చొక్కాలు, పిల్లల లాగులు, పెళ్లిళ్ల కాలంలో కట్టలకొద్దీ రవికలు కుట్టేవాణ్ణి. పని నేర్చుకుంది బెంగళూరులో, దొరలకు కోట్లు కుట్టిన ఒక ముసలి మాస్టరు దగ్గర. అందుకే నా నోట్లో ఇంగ్లీషు మాటలు ఎక్కువగా దొర్లేవి. చింతామణిలో వాటిని విని జనం ముసిముసిగా నవ్వేవారు, కుట్టు చూసి ఊరుకునేవారు. నా పని మీద నాకు గర్వం ఉండేది. ఇప్పుడూ ఉంది.

ఆ రోజుల్లో మా వైపు మగ టైలరు ఆడమనిషికి టేపు పట్టడం అనేది లేదు. ఆడవాళ్లు అంగడికి వచ్చేవారు కాదు, వాళ్ల రవికలు వచ్చేవి. ఒంటికి చక్కగా కుదిరిన పాత రవిక ఒకటి కొత్త గుడ్డతో పాటు పంపేవారు. దాన్ని ఆది రవిక అంటాం. టైలరు దాన్ని బల్ల మీద పరిచి, మూల మూలా కొలిచి, కొత్తది అచ్చం అలాగే కుట్టాలి. ఆది రవికను మేము చాలా జాగ్రత్తగా చూసుకునేవాళ్లం. ఇస్త్రీ పెట్టెను కూడా దాని దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాను. కత్తెర తగిలిందా, ఆ ఇంటి బేరం పోయినట్టే.

ఆ ఏడు మాఘమాసంలో మురుగమల్ల నుంచి వెంకట్రాయప్ప అనే రైతు వచ్చాడు. రాగి, చెనిక్కాయ పండించే మనిషి, మా నాయనకు పాత ఖాతాదారు. చేతిలో తెల్లగుడ్డ, నీలం అంచున్న ఒక పాత రవిక ఉన్నాయి.

"మా చెల్లెలు సరోజమ్మదప్పా ఇది. మా ఊరి ఇస్కూల్లో టీచరు. ఇదో, ఆది. ఇట్లే కుట్టాల" అన్నాడు.

కుట్టాను. వారం తిరక్కముందే తిరిగి వచ్చింది. బిగువుగా ఉందట. రవిక లోపలి కుట్ల వెంట మేము కొంత గుడ్డ వదిలి పెడతాం, తరవాత అవసరమైతే విప్పి వదులు చేయడానికి. దాన్ని మార్జిన్ అంటాం. ఆ మార్జిన్ విప్పి ఇచ్చాను. మళ్లీ వచ్చింది.

"ముందర పైకి లేస్తాండాదంట. మెడ వెనక ముడతలు పడతాండాయంట" అన్నాడు వెంకట్రాయప్ప, నేల చూపులు చూస్తూ.

నాకు ఒళ్లు మండింది. ఆది రవికనూ నా రవికనూ ఒకదాని మీద ఒకటి పరిచాను.

"నువ్వే చూడప్పా. మార్జిన్ విప్పింది తప్ప వెంట్రుకంత తేడా ఉండాదా?"

"లేదప్పా."

"మరి తప్పు నాదా, రవికదా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. బజారులో ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు గొంతు తగ్గించి, "నీదీ కాదు, రవికదీ కాదులే" అని ఆదిని నా దగ్గరే వదిలి, కొత్తది మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మాటకు అర్థం ఏమిటో నాకు ఆ రోజు తెలియలేదు. నా పనికి వంక పెట్టారన్న ఉక్రోషం మాత్రం మిగిలింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున, అంగడి తెరిచి బల్ల తుడుస్తుంటే, బస్టాండు వైపు నుంచి ఒకామె నడిచి వస్తూ కనిపించింది. ముప్పై లోపు వయసు. తల మీద నీళ్ల కడవ ఉన్న మనిషి నడిచినట్టు నడుస్తోంది, కానీ తల మీద కడవ లేదు. ఎదురొచ్చిన పెద్దవాళ్లకు చేతులు జోడిస్తోందే గాని తల వంచడం లేదు. పక్క అంగడాయన చూసి, "ఏం నిగుడు చూడప్పా ఆయమ్మకు" అన్నాడు. పొగరే అని నేనూ అనుకున్నాను.

ఆమె తిన్నగా నా దగ్గరికే వచ్చింది. "రామచంద్రప్పంటే నువ్వేనా అప్పా? నేను సరోజమ్మ. మురుగమల్ల టీచర్ని. ఆ రవికల సంగతి మాట్లాడాలని వచ్చినాను" అంది. వెనక వెంకట్రాయప్ప ఒక బరువైన గుడ్డసంచి మోసుకుంటూ వస్తున్నాడు.

మా నాయన లోపలి నుంచి చాప చూపించి కూర్చోమన్నాడు. "కింద కూర్చోలేనప్పా. ఏమనుకోవద్దు" అని ఆమె నిలబడే ఉంది. మా నాయన ముఖం కాస్త ముడుచుకుంది. ఆయన చాప వేస్తే కూర్చోనివాళ్లు అంతవరకూ లేరు.

అప్పుడే బల్ల అంచున ఉన్న రవికల పొట్లం జారి నేల మీద పడింది. నేను బల్ల చుట్టి వచ్చేలోపు ఆమె దాన్ని తీసుకుంది. ఎలా తీసుకుందో చెప్పాలి. ఒక చెయ్యి బల్ల అంచు మీద ఆనించింది. ఒక కాలు వెనక్కి పెట్టింది. వీపు ఇంత కూడా వంచకుండా, తల అలాగే నిలిపి, మోకాళ్లు మడుచుకుంటూ నేల దాకా దిగింది. పొట్లం అందుకుని, మళ్లీ అలాగే, నెమ్మదిగా పైకి లేచింది. లేచేటప్పుడు కళ్లు ఒక్క క్షణం మూసుకుంది. మనిషి నేల మీది వస్తువును తీసుకోవడంలో ఇంత పని ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. మా నాయన లేచి నిలబడ్డాడు. చాప చుట్టి పక్కన పెట్టి, తాను కూర్చునే ఎత్తు స్టూలు తెచ్చి ఆమె ముందు వేశాడు.

స్టూలు మీద కూర్చుని ఆమె చెప్పింది, తరగతిలో పాఠం చెప్పినట్టే, తొణక్కుండా. వెన్నుపూసలకు క్షయ పట్టింది. చాలా రోజులు అది నడుము నొప్పి అనుకున్నారు. వీపు మధ్యలో ఎముక బొడిపెలా లేచి, కాళ్లలో బలం తగ్గేదాకా వచ్చింది. బెంగళూరు ఆసుపత్రిలో సూదిమందులు ఇచ్చి, ఆ తరవాత ఆపరేషన్ చేశారు. దాని పేరు స్పైనల్ ఫ్యూజన్. పాడైన పూసలను విడివిడిగా కదలకుండా ఒకే ఎముకగా అతుక్కునేటట్టు చేయడం. అతుకు పడడానికి వేరే ఎముక కావాలి. దాన్ని గ్రాఫ్ట్ అంటారు.

"యాడిదమ్మా ఆ ఎముక?" అన్నాను.

"నాదే అప్పా. ఈ మోకాలి కింద నుంచి తీసి వీపులో నాటినారు."

నా చేతిలో సూది అలాగే ఉండిపోయింది. నేను ఒక గుడ్డ ముక్క తెచ్చి ఇంకో చోట అతికేవాణ్ణి. నా అతుకు దారం ఉన్నంతకాలం నిలుస్తుంది. కాలి ఎముకను కోసి వీపులో పెడితే అది అక్కడ బతుకుతుందా?

నా ముఖం చూసి ఆమె నవ్వింది. "మా అన్న కూడా ఇట్లే నోరు తెరిచినాడు. డాక్టరు ఏమన్నాడో తెలుసా? మీ వైపు రేష్మె పురుగులకు హిప్పునేరళె కడ్డీ నాటతారు గదా, అట్లే ఇది. కడ్డీ కదలకుంటే వేరు పడతాది. కదిలితే ఎండిపోతాది." రేష్మె అంటే పట్టు, హిప్పునేరళె అంటే మల్బరీ. కన్నడం మాటే మా వైపు అందరికీ అలవాటు.

ఆ కడ్డీ కదలకూడదనే నెలల తరబడి ఆమెను పిండికట్టులో పడుకోబెట్టారు. కట్టు తీశాక ఒక వస్తువు ఇచ్చి పంపారు. వెంకట్రాయప్ప సంచి విప్పి దాన్ని బల్ల మీద పెట్టాడు. మొదట ఎద్దుల పట్టెడ ఏదో అనుకున్నాను. వెన్నుకు అటూ ఇటూ నిలబడే రెండు ఉక్కు పట్టీలు, నడుముకు వెడల్పాటి తోలు, భుజాలకు వార్లు, ముందు బిగించడానికి బకిల్స్. దాన్ని బ్రేస్ అంటారట. చక్కటి పనితనం. తోలు అంచులు ఎక్కడా గీరుకోకుండా మడిచి కుట్టారు. ఆ కుట్టు చూసి నాకు చేసినవాడి మీద గౌరవం కలిగింది.

"మంచం దిగినప్పటి నుంచి మళ్లా పడుకునేదాకా ఇది ఒంటి మీద ఉండాల. దసరా దాటినాక ఎక్స్‌రే తీస్తారంట. గ్రాఫ్ట్ పట్టిందా లేదా అప్పుడు తెలుస్తాది" అంది.

"పట్టకుంటే?"

"మళ్లా కొయ్యాల. మళ్లా మంచం. ఈసారి కాళ్లు వస్తాయో రావో చెప్పలేమన్నారు. ఇస్కూలు మాత్రం ఇంక ఉండదు. ఇప్పటికే నా రజా, ఉన్న సెలవంతా అయిపోయింది. వేసవి సెలవుల తరవాత ఇస్కూలు తెరిచిన రోజు నేను నిలబడాల."

"మరి ఈ బ్రేస్ సంచీలో ఎందుకుండాదమ్మా?"

వెంకట్రాయప్పే చెప్పాడు. "రవికె దీని మీద పట్టలేదప్పా. రవికె మీద ఇది వేసుకుంటే ఊరంతా చూస్తారు. క్షయ అని ఎవరికీ చెప్పలేదు మేము. తెలిస్తే పిల్లోళ్లను ఇస్కూలుకు పంపరు. అందుకని బయటికొచ్చినప్పుడంతా దీన్ని ఇప్పేస్తాండాది. ఇంట్లో ఉన్నప్పుడు కడతాది. నాకి గుండెలు దడదడలాడతాండాయి."

అప్పటికి నాకు సంగతంతా అర్థమైంది. ఆమె ఎముక నిలుస్తుందా అన్నది డాక్టరు చేసిన పని మీద ఆధారపడి ఉందనుకున్నాను. కాదు, అది నా మిషను దగ్గరికి వచ్చి నిలబడింది. రవిక కుదిరితేనే ఆమె బ్రేస్ విప్పకుండా ఉంటుంది.

ఒక్క ప్రశ్న మాత్రం ఉండబట్టలేక అడిగాను. "ఇంత జరిగినాక ఆ పాత ఆది ఎందుకు పంపితివమ్మా? అది జబ్బు రాకముందుది గదా?"

ఆమె గోడ మేకుకు వేలాడుతున్న నీలం అంచు రవికను చూసింది. "అది నాకి మళ్లా పట్టే రోజు వస్తాదనుకుంటి అప్పా" అంది.

తరవాత ఆమే లేచి, "రాదని డాక్టరు ముందే చెప్పినాడు. నేనే వినలేదు. ఇప్పుడు కొలత తీసుకో" అంది.

అంగడి వెనకే మా ఇల్లు. నా భార్య రత్నమ్మను పిలిచి టేపు చేతికిచ్చాను. సరోజమ్మ లోపల బ్రేస్ కట్టుకుంది. తలుపు ఇవతల నేను నిలబడి ఏ కొలత కావాలో చెబుతుంటే, అవతల రత్నమ్మ కొలిచి చెబుతోంది.

ఇక్కడ మా పనిలో ఒక మాట చెప్పాలి. బ్యాలెన్స్. ముందు పొడవుకూ వెనక పొడవుకూ ఉండే పొందిక అది. వంగి నడిచే మనిషికి వెనక గుడ్డ ఎక్కువ కావాలి. అలాంటివాళ్లను మా మాస్టరు స్టూపింగ్ ఫిగర్ అనేవాడు. రొమ్ము విరుచుకుని నడిచేవాళ్లకు ముందు ఎక్కువ, వెనక తక్కువ. వాళ్లు ఎరెక్ట్ ఫిగర్. ఏ మనిషైనా ఈ రెండింటిలో ఒకవైపుకు ఉంటాడని మాస్టరు నేర్పాడు, నేనూ అంతవరకూ అలాగే చూశాను.

"మెడ కింద శానా తక్కువుండాది" అంది రత్నమ్మ లోపల్నుంచి.

"అయితే ఎరెక్ట్. వీపు నడుమ తక్కువే ఉండాల."

"నడుమ ఎక్కువుండాది."

"ఉల్టా చెప్తాండావు. టేపు మళ్లా పట్టు."

"నాలుగుసార్లు పడితిని. నువ్వు గోడతో మాట్లాడితే తెలీదు. ఆయమ్మ నిలబడేదే వేరే. నువ్వే చూడాల." రత్నమ్మకు కోపం వచ్చిందంటే నా ఇంగ్లీషు పని చేయదు.

సరోజమ్మే "రానీయమ్మా" అంది. బ్రేస్ మీద చీర చుట్టుకుని, వీపు మాత్రం కనబడేటట్టు కిటికీ వైపు తిరిగి నిలబడింది. నేను గడప దాటి చూశాను.

వీపు మధ్యలో చిన్న మిట్ట. అది ఇక దిగదు, ఎముక అలాగే అతుక్కుంటుంది. ఆ మిట్ట మనిషిని ముందుకు తోస్తుంది. ముందుకు పడకుండా ఉండడానికి దాని పై భాగం, మెడ, భుజాలు వెనక్కి సర్దుకున్నాయి. కింద నడుము లోపలికి సర్దుకుంది. ఎవరూ నేర్పకుండా, పూసలు ఒక్కొక్కటీ తమ వంతు జరిగి, తలను సరిగ్గా పాదాల మీదికి తెచ్చి నిలబెట్టాయి. బజారులో మేము నిగుడు అన్నది ఇదీ. ఒకే వీపులో పైన ఎరెక్ట్ ఫిగర్, నడుమ స్టూపింగ్ ఫిగర్. మా మాస్టరు చూసి ఉంటే ఆయన కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు. నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఆమెకో, ఆ డాక్టరుకో, ఆ ఎముకలకో నాకు తెలియలేదు.

"నొప్పి యాడమ్మా? ఆపరేషన్ చేసిన చోటనా?" రత్నమ్మ అడిగింది.

"ఆ చోట ఏం లేదమ్మా, అది రాయి. దానికి పైనా కిందా ఉండే పూసలు నొస్తాండాయి. అది వంగే పని కూడా ఇప్పుడు అవే చేయాల గదా. సాయంత్రమయ్యేకి అలిసిపోతాయి, పాపం." తన ఎముకలను గురించి ఆమె, తరగతిలో చురుకైన పిల్లలను గురించి చెప్పినట్టు చెప్పింది.

ఆ రవిక కట్ చేయడానికి నాకు పట్టినంత సేపు పెళ్లి కోటుకు కూడా పట్టలేదు. వీపును ఒకే ముక్కగా కత్తిరిస్తే రెండు ఫిగర్లూ అందులో ఇమడవు. అందుకని పైన భుజాల దగ్గర విడిగా ఒక చిన్న ముక్క వేశాను. దాన్ని యోక్ అంటారు, చొక్కాలకు వేస్తాం, రవికలకు ఎవరూ వేయరు. ఆ యోక్ కింద గుడ్డకు సన్నగా కుచ్చులు పెట్టి, మిట్ట మీద వదులు వచ్చేటట్టు కలిపాను. ముందు భాగం పొడవు పెంచాను. ఉక్కు పట్టీల మర తలలు గుడ్డను కొరకకుండా లోపల మందం గుడ్డ వేశాను.

ట్రయల్‌కు వచ్చారు. ట్రయల్ అంటే పూర్తిగా కుట్టకముందు పోగులతో నిలిపి తొడిగి చూడడం. బ్రేస్ మీద రవిక నీళ్లు పోసినట్టు కూర్చుంది. ముడత లేదు. పైన చీర కప్పుకుంటే లోపల ఉక్కు ఉందని దేవుడు కూడా చెప్పలేడు. నేను మీసం తిప్పబోతున్నాను.

"ఉండప్పా" అని ఆమె గోడ దగ్గరికి వెళ్లింది. కుడి చెయ్యి ఎత్తి, వేలితో గోడ మీద అ, ఆ, ఇ రాసింది. రవికంతా పైకి లాక్కుని పోయింది. చంక కింద పోగులు తెగిన చప్పుడు నాకు వినిపించింది.

"నేను నిలబడేదానికి జీతం ఇవ్వరప్పా. రాయాల" అంది. వంగలేదు గనక నల్లబల్ల మీద పై సగంలోనే రాయాలి, అంటే చెయ్యి రోజంతా ఎత్తే ఉంటుంది. అది నాకు తట్టలేదు. అది ఆమెకే తెలియాలి. ఆ తరవాత నేను సొంత తెలివి పక్కన పెట్టి, ఆమె చెప్పిందల్లా చేశాను. రాయడం, సుద్దముక్క అందుకోవడం, పిల్లవాడి పలక తీసుకోవడం, బస్సు కమ్మీ పట్టుకోవడం, అన్నీ మా ఇంటి గోడ దగ్గర చేసి చూపించింది. చంకలో గస్సెట్ వేశాను. అది పలక ఆకారపు చిన్న ముక్క, చెయ్యి ఎత్తినప్పుడు అది విచ్చుకుంటుంది, దించితే ముడుచుకుంటుంది. దాంతో రవిక నిలిచింది. ఆమె గోడ మీద అక్షరమాల మొత్తం రాసి, తిరిగి, "ఇప్పుడు సరే" అంది. రత్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

వేసవి సెలవుల తరవాత బడులు తెరిచారు. సరోజమ్మ ఎలా ఉందో అని నాకు రోజూ మనసు పీకేది. ఒకరోజు పెళ్లిబట్టలు ఇచ్చిరావడానికి మురుగమల్ల వెళ్లవలసి వచ్చింది. అక్కడి దర్గాకు పోయే జనంతో బస్సు కిటకిటలాడుతోంది. పని ముగించుకుని, ఊరికే చూసిపోదామని బడి కిటికీ దగ్గరికి వెళ్లాను.

నల్లబల్ల పై సగంలో ఆమె రాత. కింది సగంలో పిల్లల వంకర రాత. పైన ఆమె రాసింది కింద వాళ్లు ఒక్కొక్కరే వచ్చి రాస్తున్నారు. ఆమె వంగలేనితనాన్ని పాఠంగా మార్చేసింది. ఒక పిల్లవాడి పలక చూడడానికి, మా అంగట్లో దిగినట్టే, వీపు నిలిపి మోకాళ్ల మీద దిగింది. నేను కుట్టిన రవిక ఎక్కడా కదల్లేదు. అంతవరకు నాకు సంతోషమే.

ఆ తరవాత చూసినదాన్ని నేను ఎవరికి చెప్పినా నమ్మరు. "ఎవరు చెప్తారు?" అని ఆమె అడిగింది. ఒక చిన్నపిల్ల లేచింది. బెంచీ అంచు మీద చెయ్యి ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, వీపు ఇంత కూడా వంచకుండా, తల నిలబెట్టి నెమ్మదిగా లేచింది. ఇంకో పిల్లవాడి బలపం కింద పడింది. వాడు వంగలేదు. తిన్నగా మోకాళ్ల మీద దిగి, అందుకుని, తిన్నగా లేచాడు. తరగతి మొత్తం అంతే. లేచి పద్యం చెప్పడానికి నిలబడితే అందరి మెడలూ ఆమె మెడలాగే ఉన్నాయి. వెక్కిరింత కాదు. వాళ్ల టీచరు అలా లేస్తుంది, అలా కూర్చుంటుంది. అదే పద్ధతనుకున్నారు. నొప్పి ఓర్చుకుని ఆమె నేర్చుకున్న నిలకడ వాళ్లకు ఊరికే వచ్చేసింది. నేను కిటికీ కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. వచ్చిన నవ్వూ ఏడుపూ రెండూ ఆగలేదు.

దసరా దాటింది. ఒక మధ్యాహ్నం సరోజమ్మ అంగడికి వచ్చింది. అదే నడక. చేతిలో పెద్ద కాగితపు కవరు. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

"వెలుతురుకు పట్టి చూడప్పా" అని కవరులోంచి నల్లటి ఎక్స్‌రే ఫిల్ము తీసి ఇచ్చింది. వీధి వైపు ఎత్తి పట్టుకున్నాను. మసక మసకగా పూసలు, పక్కటెముకలు. మధ్యలో, మిట్ట దగ్గర, పూసలకు పూసలకు నడుమ సందు లేదు. వాటి వెనక ఒక తెల్లటి కడ్డీ పై నుంచి కిందికి నిలిచి ఉంది. దాని రెండు కొసలూ పూసల్లోకి కలిసిపోయాయి. ఎక్కడ కాలి ఎముక ఆగిందో, ఎక్కడ వెన్నెముక మొదలైందో కనబడలేదు.

"పట్టిందా అమ్మా?" ఫిల్ము దించకుండానే అడిగాను.

"పట్టిందప్పా. బ్రేస్ తీసేసినారు."

ఇన్నేళ్లు మనుషుల వీపుల మీద గుడ్డ వేసినవాణ్ణి, వీపు లోపల ఏముందో చూసింది అదే మొదలు. నేను వేసిన ప్రతి అతుకు దగ్గరా కుట్టు కనబడుతుంది. ఎంత దాచినా కనబడుతుంది. ఆ అతుక్కు కుట్టు లేదు. మా నాయన, రత్నమ్మ, పక్క అంగడాయన, ఆనాడు నిగుడు అన్న మనిషే, ఒకరి తరవాత ఒకరు ఆ ఫిల్మును వెలుతురుకు పట్టి చూశారు. పక్క అంగడాయన చెప్పులు విప్పి మరీ చూశాడు.

"నొప్పి పోయిందా అమ్మా?" రత్నమ్మ అడిగింది.

"లేదమ్మా. చలి ఎక్కువైతే వస్తాది, బస్సులో వస్తాది. సాయంత్రం బల్ల మీద పడుకుంటే తగ్గుతాది. ఇది ఉంటాదని డాక్టరు చెప్పినాడు. యాడొస్తాదో, ఎందుకొస్తాదో ఇప్పుడు నాకి తెలుసు. ముందు మాదిరి భయం లేదు, అంతే." తరవాత నా వైపు తిరిగింది. "బ్రేస్ లేని రవికెలు కావాల. ఆది తేలేదు. కొలత తీసుకోమను."

రత్నమ్మ టేపు తెచ్చింది. బ్రేస్ తీసినా ఆమె నిలబడే తీరు మారలేదు. ఉక్కు చేసిన పని ఇప్పుడు ఎముక చేస్తోంది. ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది. ఆపరేషన్ మచ్చ దగ్గర చర్మం పలచన. కొత్త గుడ్డ అక్కడ ఒరుసుకుంటే మండుతుందట. లోపల మెత్తటి లైనింగ్ వేయాలి. నా దగ్గరున్న గుడ్డలన్నీ తీసి చూపించాను. ఆమె ఒక్కొక్కటీ చెంపకు ఆనించి చూసి వద్దంది.

మేకుకు ఇంకా నీలం అంచు రవిక వేలాడుతోంది. ఆమె తీసుకుపోలేదు, నేను తీసేయలేదు. దాన్ని అందుకుని చెంపకు ఆనించుకుంది. ఏళ్ల తరబడి ఉతికిన గుడ్డ, వెన్నలా ఉంది.

"దీన్ని విప్పి లోపల వెయ్యప్పా."

"ఆది రవికమ్మా అది" అన్నాను. నా చెయ్యి వెనక్కి పోయింది.

"అది వేసుకున్న ఆయమ్మ ఇంక రాదప్పా. ఈ వీపుకన్నా పనికి రానీ. కొయ్యి" అంది. గొంతులో ఏడుపు లేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా వేసినట్టు, మెల్లగా అంది.

నా జీవితంలో నేను కత్తెర పెట్టిన ఆది రవిక అదొక్కటే. కుట్లు ఒక్కొక్కటే విప్పి, వీపు ముక్క వేరు చేసి, ఆమె మచ్చ ఉన్న చోటికి సరిగ్గా వచ్చేటట్టు కొత్త రవిక లోపల వేసి కుట్టాను.

ఆ తరవాత ఎవరు ఆది రవిక తెచ్చినా నేను బల్ల మీద పరిచే ముందు, "ఇది ఎప్పటిది?" అని అడగడం మొదలుపెట్టాను. ఈ మధ్య జ్వరం వచ్చిందా, కాన్పయిందా, చెయ్యి విరిగిందా, నడక మారిందా అని అడిగేవాణ్ణి. కొందరు విసుక్కునేవారు, కుట్టేవాడికి ఇవన్నీ ఎందుకని. నేను అడగడం మానలేదు. మనిషి మారిన సంగతి రవిక చెప్పదని, అది మనిషే చెప్పాలని, ఒక్కోసారి ఆ మనిషికి కూడా చెప్పడానికి కొంత కాలం పడుతుందని సరోజమ్మ టీచరు వల్ల తెలుసుకున్నాను. అందుకే, అడిగాక జవాబు కోసం కాసేపు ఆగుతాను. కత్తెర అప్పటిదాకా బల్ల మీదే ఉంటుంది.